ఆయనది మనోవేదన, ఆవిడది నరాల బలహీనత

"పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు" అని మనకో సామెత ఉంది. ఎటూ తేలని వ్యవహారం గురించి మాట్లాడేటప్పుడు వాడుతుంటాం. ఈ సామెత పుట్టిన ఇంటిని ఒకసారి ఊహించుకోండి. ఆ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఒక అమ్మాయో అబ్బాయో ఉన్నారు. వాళ్ల మనసు బాగాలేదు. పెద్దవాళ్లకు తెలిసిన మందు పెళ్లి ఒక్కటే. కుటుంబం, ఆడామగా తేడా, మనసుకొచ్చే జబ్బు, ఈ మూడూ ఒకే ముడి అని మన పల్లెల్లో ఎప్పుడో కనిపెట్టారు. ఆ ముడిని విప్పదీసి మూడు వేరు వేరు విషయాలుగా చూడటం మొదలుపెట్టింది చదువుకున్న మనమే.

ఈ మధ్య పుస్తకాల సభల్లో, ఆన్‌లైన్ చర్చల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి వాటి గురించి ఇంగ్లీషులో ఎంతో సాహిత్యం ఉంది, తెలుగులో ఏమీ లేదు అని. వర్జీనియా వుల్ఫ్, సిల్వియా ప్లాత్ పేర్లు చెబుతారు. ఆ రచయిత్రుల మీద నాకూ గౌరవమే. తెలుగులో లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. ఉంది, చాలా ఉంది. దాన్ని మనం రెండు అరల్లో సర్దుకున్నాం, అంతే. మగవాడి మనసు గురించి రాసినవి "మనోవైజ్ఞానిక నవలలు" అన్న అరలోకి వెళ్లాయి. స్త్రీ మనసు గురించి రాసినవి "స్త్రీవాద కథలు" అన్న అరలోకి వెళ్లాయి. మొదటి అర దగ్గర నిలబడి, మనసులో మెదిలేదాన్ని మెదిలినట్టే రాసే చైతన్య స్రవంతి గురించి, అంతరంగం లోతుల గురించి మాట్లాడతాం. రెండో అర దగ్గరకు వచ్చేసరికి ఇంటిచాకిరీ గురించి, హక్కుల గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సినవే. కానీ ఇలా విడదీసి చదవడం వల్ల రెండు వైపులా నష్టపోయాం. మొదటి అరలోని మగవాళ్లను వాళ్ల మగతనమే ఎలా నలిపేసిందో చూడలేదు. రెండో అరలోని ఆడవాళ్లది అచ్చంగా మానసిక వేదనే అని గుర్తుపట్టలేదు.

మొదటి అర నుంచి మొదలుపెడతాను. త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' 1940ల మధ్యలో వచ్చింది. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవలగా దానికి పేరు. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబంలో పుట్టిన సీతారామారావు మెల్లమెల్లగా కూలిపోవడమే కథ. తండ్రి చనిపోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమని కొడుక్కి అప్పజెబుతాడు. ఆ ప్రతిష్ఠ కోసం ఉన్నదంతా కరిగిపోతుంది. తర్వాత అతనికి ఏ పనీ చేతకాదు, ఏ బంధమూ నిలవదు. తనతో తాను వాదించుకుంటూ, తన ఓటమికి తానే సిద్ధాంతాలు కల్పించుకుంటూ, చివరికి శ్మశానం దాకా వెళ్లి అక్కడే అంతమైపోతాడు.

ఈ నవల మీద వచ్చిన విమర్శల్లో ఆత్మన్యూనత, అహం, అకర్మణ్యత అన్న మాటలు చాలాసార్లు కనబడతాయి. అవన్నీ అతని లోపల ఏం జరుగుతోందో చెబుతాయి. నాకు మాత్రం ఎప్పుడు చదివినా చూపు ఆ తండ్రి మంచం దగ్గరే ఆగిపోతుంది. ఒక కుర్రవాడికి, వాడి శక్తి ఏమిటో వాడి కోరిక ఏమిటో అడగకుండా, చచ్చిపోతున్న మనిషి ఒక ఇంటి పేరును అప్పగించాడు. కూతురైతే ఆ బరువు అప్పగించేవాడు కాదు. కొడుకు కాబట్టే అప్పగించాడు. కాదనడానికి ఎదురుగా తండ్రి లేడు, మోయడానికి చేతకాదు, దించుకుంటే మగవాడే కాదంటారు. సీతారామారావుకు ఏ జబ్బుందో నేను చెప్పబోవడం లేదు, నాకా అర్హత లేదు. అది ఏ తలుపులోంచి వచ్చిందో మాత్రం గోపీచంద్ చాలా స్పష్టంగా రాసిపెట్టారు. ఆ తలుపు పేరు కుటుంబం. ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి, హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరికి, గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చారు. రచయితకు తండ్రి నుంచి ప్రశ్న దొరికింది, కథానాయకుడికి తండ్రి నుంచి ఆన దొరికింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నవల వేరేగా కనిపిస్తుంది.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కూడా ఆ కాలపు నవలే. తల్లి గురించి లోకం చెప్పుకునే మాట డాక్టర్ దయానిధిని జీవితమంతా వెంటాడుతుంది. ఏ స్త్రీ దగ్గరా అతనికి నెమ్మది దొరకదు, ఏ ఊళ్లోనూ కుదురుండదు. ఆ నవలలో బుచ్చిబాబు తెలుగు వాక్యానికి ఇచ్చిన లోతు గురించి ఎంత చెప్పినా తక్కువే. అయినా చదువుతున్నంతసేపూ నన్నొక ప్రశ్న తొలిచేస్తుంది. ఆ మాటలు పడింది తల్లి కదా, మరి ఆమె రాత్రులు ఎలా గడిచాయి? కొడుకు అవమానం వందల పేజీల తత్త్వచింతన అయింది. తల్లి పడ్డది ఆ చింతనకు కారణంగా మాత్రమే మిగిలింది. బుచ్చిబాబు భార్య శివరాజు సుబ్బలక్ష్మి కూడా కథకురాలే, చిత్రకారిణి కూడా. 2021 దాకా బతికారు. ఆయన నవల ఎన్నిసార్లు అచ్చయిందో, ఎన్ని చర్చలకు ఆధారమైందో మనకు తెలుసు. ఆవిడ కథలు చదివినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

రావిశాస్త్రి 'అల్పజీవి'లోని సుబ్బయ్య, నవీన్ 'అంపశయ్య'లోని రవి కూడా ఈ వరసలోని వాళ్లే. సుబ్బయ్యకు బావమరిదంటే భయం, పై అధికారంటే భయం, గట్టిగా మాట్లాడే ఏ మగవాడన్నా భయం. అతని చుట్టూ ఉన్న లోకం మగవాళ్లను ధైర్యం ఎంత, దబాయింపు ఎంత అని తూచే లోకం. ఆ తక్కెడలో తేలిపోయేవాడు కాబట్టే అల్పజీవి. 1969లో వచ్చిన 'అంపశయ్య' ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే ఒక పల్లెటూరి విద్యార్థి జీవితంలోని 16 గంటలు మాత్రమే. పరీక్షల టెన్షన్, డబ్బు టెన్షన్, ఆడపిల్లల ముందు నిలబడలేని బిడియం, ఇంట్లోవాళ్లు తన మీద పెట్టుకున్న ఆశ. ఇవాళ అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగుల కోసం ఉంటున్న కుర్రాళ్లకు ఆ 16 గంటలు అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతాయి.

నేను చెప్పేదేమిటంటే, ఇవన్నీ జెండర్ నవలలే. మగపిల్లవాడిని మగవాడిగా తయారుచేసే పనిలో ఇల్లు అతని మనసుకు ఏం చేస్తుందో చెప్పే నవలలు. ఆ దృష్టితో వీటిని పాఠం చెప్పే మాస్టారు నాకు చదువుకునే రోజుల్లో దొరకలేదు. ఇప్పటి పిల్లలకైనా దొరకాలి.

సినిమాకొస్తే ఈ తేడా ఇంకా పెద్దగా కనబడుతుంది. 1953 నాటి 'దేవదాసు' మన జ్ఞాపకాల్లో ఎలా మిగిలింది? అక్కినేని వాలిపోయిన కళ్లు, చేతిలో సీసా, పక్కన కుక్క, నేపథ్యంలో ఘంటసాల గొంతు. ఒక మగవాడి దుఃఖానికి ఇంత సామగ్రి ఇచ్చాం. అదే కథలో పార్వతి తనకంటే ఎంతో పెద్దవాడైన జమీందారుకు రెండో భార్యగా వెళ్తుంది. ఎదిగిన సవతి పిల్లలకు తల్లవుతుంది. ఆ ఇంటి తాళాలు తీసుకుంటుంది, అందరి మెప్పూ పొందుతుంది. సావిత్రి ఆ కళ్లతో ఎంత చెప్పగలిగితే అంతా చెప్పింది. అయినా "దేవదాసులా అయిపోయాడు" అన్నది మన వాడుకమాట అయింది. పార్వతిలా అయిపోయింది అని మనం ఎవర్నీ అనం. అలా అయిపోయినవాళ్లు ఇంటింటా ఉంటారు, పని చేసుకుంటూ ఉంటారు కాబట్టి మన కంట పడరు.

మా మేనత్త అలాంటిదే. పుగాకు ధర పడిపోయిన ఒక ఏడాది మామయ్య బాగా అప్పులపాలయ్యాడు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. చుట్టాలు వచ్చి పక్కన కూర్చునేవాళ్లు. "పాపం, మనసు విరిగిపోయింది" అనేవాళ్లు. గుంటూరు తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించారు. మందులు వాడాడు, మెల్లగా తేరుకున్నాడు. అది మంచి పనే, ఆ ఊళ్లో ఆ రోజుల్లో ఒక మగవాడి దిగులును జబ్బుగా గుర్తించి వైద్యం చేయించడం చిన్న సంగతి కాదు. అదే ఇంట్లో, అవే అప్పుల మధ్య, అత్తయ్య తెల్లవారుజామున లేచి గేదెల పని, వంట పని చూసుకుని, మామయ్యకు మాత్రలు వేసి, అప్పులవాళ్లకు సమాధానం చెప్పేది. మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోతోందని గుడ్డ కట్టుకుని కూర్చునేది. గుండె దడ అనేది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనేది. ఊరి ఆరెంపీ వచ్చి బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి వెళ్లేవాడు. "ఆవిడకు కాస్త నరాల బలహీనతలే" అని ఇంట్లో అందరూ అనేవాళ్లు. మామయ్య బాధకు కారణం ఉంది కాబట్టి అది మనోవేదన అయింది. అత్తయ్య బాధకు కారణం ఎవరూ వెతకలేదు కాబట్టి అది నరాల బలహీనత అయింది. ఈ రెండు అరల సంగతి మొదటిసారి నాకు అర్థమైంది సాహిత్య విమర్శలో కాదు, ఆ ఇంట్లోనే.

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' చదివినప్పుడు నాకు మా అత్తయ్యే కనిపించింది. నిద్ర కోసం మొహం వాచిన ఒక స్త్రీ కథ అది. చిన్నప్పటి నుంచీ ఏదో ఒక కారణంతో ఆమె నిద్ర చెదిరిపోతూనే ఉంటుంది. చదువు, పెళ్లి, పిల్లలు, భర్త అవసరాలు, ప్రతి దశలోనూ ఎవరో ఒకరు ఆమెను లేపుతారు. ఎవరూ దుర్మార్గులు కాదు. కొట్టేవాళ్లు లేరు, తిట్టేవాళ్లూ పెద్దగా లేరు. తీరిక దొరికే వయసు వచ్చేసరికి నిద్ర రావడమే మానేస్తుంది. కథ నిద్రమాత్రల దగ్గర ఆగుతుంది. ఆ ముగింపుకు రచయిత్రి పెట్టిన పేరు సుఖాంతం.

ఏ సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లినా ముందుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి "నిద్ర ఎలా పడుతోంది?" అని. మనసు పాడైతే నిద్ర పోతుంది, నిద్ర పోతే మనసు పాడవుతుంది. ఛాయాదేవి వైద్యపరిభాష ఒక్కటీ వాడకుండా ఒక మనిషి నిద్ర చరిత్ర మొత్తం రాశారు. మనం దాన్ని ఇంటిచాకిరీ కథగా చదివి పక్కన పెట్టాం. ఇంటిచాకిరీ కథే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఆ 202 నిమిషాల తేడాలోంచి ఎవరి నిద్ర తగ్గుతుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఆ నిమిషాలు ఏళ్ల తరబడి ఒక మనసు మీద ఎలా పేరుకుంటాయో చెప్పడానికి మాత్రం 'సుఖాంతం' లాంటి కథ కావాలి.

నిద్ర గురించి మన ఆడవాళ్లు అంతకుముందే ఒక గొప్ప పాట కట్టారు, 'ఊర్మిళాదేవి నిద్ర'. లక్ష్మణుడు అన్నావదినల వెంట అడవికి వెళ్లిపోయాక ఊర్మిళ పడకగదిలోకి వెళ్లి పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. పట్టాభిషేకం అయ్యాక కూడా ఆమె సంగతి ఎవరికీ గుర్తుండదు, సీత గుర్తుచేస్తుంది. లక్ష్మణుడు వచ్చి లేపితే ఊర్మిళ అతన్ని గుర్తుపట్టదు, పరాయి మగవాడు గదిలోకి వచ్చాడని భయపడిపోతుంది, మా వాళ్లకు తెలిస్తే ఊరుకోరంటుంది. ఈ పాటలను సాహిత్య విమర్శకుడు వెల్చేరు నారాయణరావు స్త్రీల రామాయణంగా గుర్తించి వివరంగా రాశారు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ గుర్తుపట్టకపోవడమే. పద్నాలుగేళ్లు వదిలేసి వెళ్లిన మనిషి తిరిగొచ్చి చెయ్యి వేస్తే ఆ మనసు ఎలా ఉలిక్కిపడుతుందో పెరట్లో, వంటింట్లో పాడుకున్న ఆడవాళ్లకు బాగా తెలుసు. పైగా వాళ్లు పాడేటప్పుడు పొద్దున్నే లేపేవాళ్లు లేని పద్నాలుగేళ్లను తమలో ఒకామెకు కానుకగా ఇచ్చుకున్నారు. ఓల్గా 'విముక్త'లో ఊర్మిళ నిద్రపోదు. అదే ఏకాంతంలో కూర్చుని తన దుఃఖాన్ని తవ్వుకుంటూ పోయి, అధికారం అన్నది మనుషుల మధ్య ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటుంది. ఆ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పాటలో మూసుకున్న కళ్లు కథలో తెరుచుకున్నాయి, గది మాత్రం అదే.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథను ఇక్కడ చెప్పుకోవాలి. మన చిన్నప్పటి కథలో ఈగ ఇల్లలుకుతూ తన పేరు మర్చిపోతుంది కదా. ఆవును, దూడను, కనబడినవాళ్లనల్లా నా పేరేమిటని అడుగుతూ పోతుంది, చివరకు గుర్రం సకిలిస్తే గుర్తొస్తుంది. సత్యవతి ఆ ఈగ స్థానంలో ఒక గృహిణిని పెట్టారు. ఇల్లు మెరిసేలా తుడవడమే జీవితంగా పెట్టుకున్న ఆమెకు ఒకరోజు తన పేరు గుర్తుకు రాదు. పక్కింటావిడను అడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది, భర్తను అడుగుతుంది. ఎవరూ చెప్పలేరు. అమ్మ, ఏమోయ్, ఫలానా ఆయన భార్య, అంతే. పుట్టింటికి వెళ్లి వెతుక్కుంటుంది. చివరకు పాత స్నేహితురాలు ఒకామె "శారదా!" అని పిలవడంతో అంతా గుర్తొస్తుంది. తను చదువులో ముందుండేది, బొమ్మలు వేసేది. ఇంటికి తిరిగివచ్చి, ఇక నుంచి నన్ను శారదా అని పిలవండి అని చెబుతుంది.

ఈ కథ నవ్వుతూ చదువుకోవచ్చు. చాలామంది అలాగే చదివారు. కానీ నేను ఎవరు అన్నది జారిపోవడం నవ్వులాట సంగతి కాదు. రోజూ అద్దంలో చూసుకునే మొహం తనది కానట్టు అనిపించడం, చేస్తున్న పని ఎవరో చేస్తున్నట్టు అనిపించడం, వీటిని అనుభవించిన ఆడవాళ్లు నాతో చెప్పుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దాన్ని జబ్బు అని అనుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. "ఏదో పరధ్యానం" అని సర్దుకున్నారు. సత్యవతి ఆ పరధ్యానానికి ఒక ఆకారం ఇచ్చారు. తిరిగి మామూలు మనిషిని చేసింది ఎవరో కూడా గమనించండి. పెళ్లికి ముందు ఆమెను ఎరిగిన స్నేహితురాలు. మన ఇళ్లలో పెళ్లయిన ఆడపిల్లకు ముందుగా తెగిపోయేవి స్నేహాలే. మగవాడికి అరుగు మీద, టీ కొట్టు దగ్గర, ఆఫీసులో స్నేహితులు మిగులుతారు. ఆమెకు చుట్టాలు మాత్రం మిగులుతారు.

ఇక్కడ నాతో విభేదించే స్నేహితురాళ్లు ఉన్నారు, వాళ్ల మాట బలమైనదే. "ఈ కథల్ని మానసిక ఆరోగ్యం అన్న పేరుతో చదవడం మొదలుపెడితే, మళ్లీ మనం ఆడదాన్నే రోగిని చేస్తాం. శారదకు మాత్ర అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు మారాలి. ఊరికే హిస్టీరియా అని ముద్రవేసిన రోజులు మర్చిపోయారా?" అంటారు. మర్చిపోలేదు. ఎదురు మాట్లాడిన భార్యను పిచ్చిదని పుట్టింటికి పంపేసిన సందర్భాలు నా ఎరుకలోనే ఉన్నాయి. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో చేర్పించాలి దీన్ని" అన్న మాట హైదరాబాదులో ఎంతమంది ఆడవాళ్ల నోరు మూయించిందో చెప్పలేం. కాబట్టి ఆ భయం న్యాయమైనది.

అయినా నేను ఒప్పుకోలేని చోటు ఒకటుంది. వ్యవస్థ మారాలి అంటూనే, ఈ రాత్రి నిద్రపట్టక కూర్చున్న మనిషిని ఏం చేయాలి? మామయ్యకు దొరికిన గుంటూరు డాక్టరు అత్తయ్యకూ దొరికి ఉంటే ఆ ఇంటి అన్యాయం తగ్గేది కాదు, కానీ ఆవిడ నిద్రపోయేది. నిద్రపోయిన మనిషి ఎదురు తిరగగలదు. మందు, మాట, మార్పు, మూడూ కావాలి, ఒకటి వచ్చేదాకా ఇంకొకటి ఆగాలనడం నాకు సమ్మతం కాదు. వైద్యం విషయంలో ఆడవాళ్లకు ఎంత ఆలస్యంగా చెయ్యి అందుతుందో చూసినవాళ్లెవరూ అలా అనలేరు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది.

ఇంకో లెక్క చెప్పక తప్పదు, రాయడానికే చెయ్యి ఆడటం లేదు. జాతీయ నేర గణాంకాల బ్యూరో నివేదిక ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో మగవాళ్లు 1,18,979 మంది. ఆడవాళ్లు 45,026 మంది, అందులో సగం మందికి పైగా, అంటే 23 వేలకు పైగా, గృహిణులు. అన్ని కారణాల్లోకీ పెద్దదిగా ఆ నివేదిక నమోదు చేసింది కుటుంబ సమస్యలను, 33.2 శాతం. అప్పులో, పరీక్షలో, ప్రేమో కాదు, ఇల్లు. సీతారామారావులు ఎంతమంది, పార్వతులు ఎంతమంది ఆ అంకెల్లో ఉన్నారో. రైతుల ఆత్మహత్యల గురించి మాట్లాడటం మన సమాజం కష్టపడి నేర్చుకుంది, అది నిలబడాలి. గృహిణుల గురించి మాట్లాడటం ఇంకా నేర్చుకోలేదు. (ఈ వాక్యాలు చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మనసు అలా ఉంటే, 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వానిదే, తెలుగులోనూ మాట్లాడతారు.)

ఇంతవరకూ ఆడ, మగ అనే రెండు అరల గురించే మాట్లాడాను. ఆ రెండింట్లోనూ చోటు దొరకనివాళ్ల మాట? 'ఇల్లలకగానే' రాసిన సత్యవతే తమిళనాడుకు చెందిన ఎ. రేవతి జీవితకథను 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. మర్చిపోయిన పేరు కోసం వెతుక్కునే శారద కథ రాసిన చేయి, తన పేరును తానే ఎంచుకున్న మనిషి కథను అనువదించడం నాకు సహజమైన ప్రయాణంలాగే కనిపిస్తుంది. రేవతి చెప్పిన దాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది వీధుల్లోని హింస కాదు, అది కూడా భరించలేనంత ఉంది. ఇంట్లో అన్నదమ్ముల చేతిలో దెబ్బలు తిన్నాక కూడా రేవతి మళ్లీ మళ్లీ ఆ ఇంటికే వెళ్లడం. అమ్మ కోసం వెళ్లడం, డబ్బు పంపడం, కూతురిగా ఒప్పుకుంటారేమో అని ఎదురుచూడటం. మనసును గాయపరిచింది ఏ ఇల్లో, మందు కూడా ఆ ఇంటి దగ్గరే ఉందని నమ్మడం. మన సీతారామారావు, మన దయానిధి, మన శారద అందరూ ఇదే చక్రంలో తిరిగినవాళ్లు.

2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును వాళ్లే నిర్ణయించుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2019లో చేసిన చట్టం మాత్రం కుటుంబం అంటే రక్తసంబంధం, పెళ్లి, చట్టబద్ధమైన దత్తత అని నిర్వచించింది. ఇంట్లోంచి గెంటేస్తే చేరదీసిన గురువు, తోటి చేలాలు (శిష్యులు) ఆ నిర్వచనంలోకి రారు. ఆ హిజ్రా ఇళ్లలో కూడా పెత్తనం ఉంది, కట్టుబాట్లు ఉన్నాయి, రేవతి అవేవీ దాచలేదు. కానీ జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది ఎవరు అన్న ప్రశ్నకు ఆ చట్టం దగ్గర జవాబు లేదు, ఆ ఆత్మకథలో ఉంది.

కవిత్వం గురించి ఒక్క మాట. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనంలో వంటిల్లు, ప్రసవం, గర్భస్రావం గురించి రాసిన కవితలున్నాయి. అప్పట్లో వాటి మీద ఎంత గొడవ జరిగిందో పాతవాళ్లకు గుర్తుంటుంది. నీలి కవిత్వం అన్నారు, ఒళ్లు తప్ప ఏమీ లేదన్నారు. ఆ గొడవలో పడి, పురిటిగదిలో ఒంటరిగా పడుకున్న మనిషి భయాన్ని ఆ కవితలు మొదటిసారి తెలుగులోకి తెచ్చాయన్న సంగతి మరుగున పడింది. బిడ్డను కన్న తల్లి ఏడుస్తుంటే "బిడ్డను చూసుకుని నవ్వాలి గానీ ఏడుపేమిటే" అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ గురించి ఇవాళ కార్పొరేట్ ఆస్పత్రుల్లో రంగురంగుల కరపత్రాలు ఇస్తున్నారు. వాటికంటే ఆ కవితలు ముందే వచ్చాయి, ఎక్కువ చెప్పాయి.

ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' పదో తరగతి పాఠ్యపుస్తకంలో వచ్చింది. లక్షల మంది పిల్లలు చదివారు. కుండీలో కురచగా పెంచిన చెట్టును ఆడపిల్ల పెంపకంతో పోల్చి జవాబు రాశారు, మార్కులు తెచ్చుకున్నారు. అదే తరగతిలో కూర్చున్న మగపిల్లలకు ఆ పాఠం తమది కాదనిపించి ఉంటుంది. పక్కన 'అసమర్థుని జీవయాత్ర' నుంచి ఆ తండ్రి మరణశయ్య ఘట్టం ఒక్కటి పెట్టి, ఈ ఇద్దరినీ కత్తిరించిన చెయ్యి ఎవరిది అని అడిగితే, ఆ తరగతి గది వేరుగా ఉండేది. అలాంటి పాఠం చెప్పాలనుకునే తెలుగు మాస్టార్లకు సిలబస్ మారేదాకా ఆగాల్సిన పని లేదు. రెండు జిరాక్సు కాపీలు చాలు.

నాకు మాత్రం ఇంకో పుస్తకం చదవాలని ఉంది. సీతారామారావుకు ఇందిర అనే భార్య ఉంది. భర్త మాటలు, మౌనాలు, కోపాలు, వెర్రి తర్కాలు అన్నీ ఆ ఇంట్లో ఆమె ముందే జరిగాయి. అతని మనసులోకి తీసుకెళ్లిన నవల ఆమె మనసు గుమ్మం దగ్గర ఆగిపోయింది. అతను పోయాక ఇందిర ఏం చేసింది, చుట్టాలు ఆమెను ఏమన్నారు, వంశప్రతిష్ఠ అన్న మాట ఆ తర్వాత ఎప్పుడైనా ఆ ఇంట్లో వినబడిందా, ఆమెకు నిద్ర పట్టిందా? రాయగలవాళ్లు ఇప్పుడు తెలుగులో చాలామంది ఉన్నారు, వాళ్లలో మగవాళ్లు కూడా ఉన్నారు. రాస్తే ఆ నవలను దయచేసి మొదటి అరలో పెట్టండి, గోపీచంద్ పక్కన.